గల్ఫ్‌లో పిల్లల బడి: కడప నుంచి బయలుదేరే ముందు తేల్చుకోవాల్సినవి

కుటుంబాన్ని కువైట్‌కో దుబాయ్‌కో తీసుకెళ్లాలనుకున్న తండ్రి మొదట అడిగేది "అక్కడ మంచి బడి ఏది?" అని. కడపలో ఓ పాఠశాల ప్రవేశాల విభాగంలో కూర్చునే మనిషిగా నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ పిల్లవాడు పన్నెండో తరగతి పరీక్ష ఎక్కడ రాస్తాడు? దీనికి జవాబు దొరికితే బడుల జాబితాలో సగం దానంతటదే తగ్గిపోతుంది. దొరకకపోతే ఎంత పేరున్న బడిలో చేర్చినా నాలుగేళ్ల తర్వాత టీసీ చేతపట్టుకుని మా కిటికీ ముందు నిలబడాల్సి వస్తుంది. అలా వచ్చేవారిని ప్రతి జూన్‌లోనూ చూస్తుంటాను. అందుకే ఈ మార్గదర్శిలో అడుగులన్నీ చివరి నుంచి మొదటికి నడుస్తాయి.

మొదటి అడుగు: పిల్లలు అసలు వెళ్లగలరా?

ఇది త్వరగా తేలే విషయం. కువైట్‌లో 20 నంబరు అకామా (నివాస అనుమతి) మీద ఇళ్లలో పనిచేసేవారికి కుటుంబాన్ని పిలిపించుకునే దారి దాదాపు లేదు. 18 నంబరు మీద ప్రైవేటు కంపెనీల్లో ఉన్నవారికి 22 నంబరు కుటుంబ వీసా ఉంది కానీ, 2024 జనవరిలో దానికి కనీస జీతం నెలకు 800 దినార్లని నిర్ణయించారు. కొన్ని వృత్తులకు మినహాయింపులున్నాయి. యూఏఈలో నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. వర్క్ పర్మిట్‌లో రాసిన జీతమే లెక్కలోకి వస్తుంది. ఓవర్‌టైము, బయట చేసుకునే చిన్న పనులు లెక్కలోకి రావు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు కంపెనీలో వీసా కాగితాలు చూసే పీఆర్వోను అడిగి తాజా మాట తెలుసుకోండి.

విజిట్ వీసా మీద తీసుకెళ్లి బడిలో చేర్పించవచ్చని చెప్పే మధ్యవర్తులు మన దగ్గర ఉన్నారు. వారి మాట నమ్మి ఇక్కడి బడిలో టీసీ తీసుకోవద్దు. ప్రవేశానికి పిల్లల నివాస అనుమతి, సివిల్ ఐడీ లేదా ఎమిరేట్స్ ఐడీ అడుగుతారు.

రెండో అడుగు: పన్నెండో తరగతి నుంచి వెనక్కి లెక్కించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది రెండు నిమిషాల్లో దాటేసేదీ ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ద్వారా ఇంజినీరింగ్‌కు వెళ్లాలన్నా, నీట్ ర్యాంకుతో రాష్ట్ర కోటాలో వైద్య సీటు కావాలన్నా స్థానికత చూస్తారు. 85 శాతం సీట్లు స్థానికులకు, 15 శాతం అన్‌రిజర్వుడు. ఉమ్మడి కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. స్థానికత రావడానికి మామూలు దారి ఒకటే: ఇంటర్ లేదా పన్నెండో తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ పరిధిలోని విద్యాసంస్థల్లో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పిల్లవాడు కడపలో పుట్టినా, తాత ముత్తాతలది పులివెందులే అయినా, ఆ నాలుగేళ్లు కువైట్‌లోని అబ్బాసియాలో చదివితే ఈ దారిలో స్థానికుడు కాడు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, విదేశీ ఉద్యోగకాలం మినహాయించి లెక్కిస్తారు కనుక, 15 శాతంలో పోటీ పడే వీలుంటుంది. అదీ చిన్న విషయం కాదు కానీ, 85కూ 15కూ తేడా చెప్పనక్కర్లేదు కదా.

దీనికి ఎదురుగా మరో తలుపుంది. దాని గురించి మన దగ్గర తెలిసినవారు తక్కువ. ఎన్ఐటీల్లో, మరికొన్ని కేంద్ర సంస్థల్లో విదేశాల్లో చదివిన విద్యార్థుల కోసం డాసా అనే ప్రవేశ పథకం ఉంది. అందులో గల్ఫ్ దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లలకు సీఐడబ్ల్యూజీ అని ప్రత్యేక విభాగం పెట్టారు. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దీని కిందికి వస్తాయి. ట్యూషన్ ఫీజు డాలర్లలో కాకుండా ఇక్కడి విద్యార్థులతో సమానంగా ఉంటుంది. సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగానే ఇస్తారు. పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే చదివి ఉండాలి.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తొమ్మిదో తరగతికి ముందు తిరిగొస్తే ఇక్కడ స్థానికుడు. పన్నెండు దాకా అక్కడే ఉంటే డాసా తలుపు తెరిచి ఉంటుంది. పది పూర్తిచేసి "ఇంటర్‌కు కడపకో హైదరాబాద్‌కో పంపుదాంలే" అనుకునేవారి పిల్లలకు స్థానికతా రాదు, డాసా అర్హతా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి. గల్ఫ్ కుటుంబాల్లో ఎక్కువమంది చేసేది సరిగ్గా ఇదే, ఎందుకంటే పది అయ్యాక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో వేయడం మన ఇళ్లలో ఆచారంగా మారిపోయింది.

నా సలహా ఇది. పిల్లవాడు అయిదో తరగతి లోపు ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లండి, నిర్ణయానికి సమయం ఉంది. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటే భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఎనిమిది కాగానే తిరిగిరావడమా, పన్నెండు దాకా నిలబడటమా అన్నది కాగితం మీద రాసుకోండి. తొమ్మిదిలో ఉన్న పిల్లవాడినైతే ఉద్యోగం కనీసం నాలుగేళ్లు నిలుస్తుందన్న భరోసా లేకుండా కదపవద్దు. సీబీఎస్‌ఈ తొమ్మిదిలోనూ పదకొండులోనూ విద్యార్థుల పేర్లు నమోదు చేస్తుంది. పది, పన్నెండు తరగతుల్లో నేరుగా చేరడానికి బదిలీ వంటి కారణాలు చూపి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి.

నీట్ కేంద్రం కోసం ఇండియాకు రావాల్సిన పని ఇప్పుడు లేదు. కువైట్‌లో 2021 నుంచి పరీక్ష జరుగుతోంది. యూఏఈ నగరాల్లోనూ కేంద్రాలున్నాయి.

మూడో అడుగు: ఏ సిలబస్?

గల్ఫ్‌లో మన పిల్లలకు ప్రధానంగా నాలుగు దారులు: సీబీఎస్‌ఈ, బ్రిటిష్, అమెరికన్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్). ఐసీఎస్‌ఈ బడులూ ఉన్నాయి కానీ తక్కువ.

తిరిగి రావడం ఖాయమైతే సీబీఎస్‌ఈ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగిసే విద్యా సంవత్సరం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఫీజు మిగిలిన వాటికంటే తక్కువ. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు కూడా 2025–26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ వైపు మళ్లింది కనుక తిరిగి వచ్చాక అతుకు మునుపటంత కష్టం కాదు.

బ్రిటిష్ బడులు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. ‘ఇయర్ 11’ (మన పదో తరగతి) చివర జీసీఎస్‌ఈ లేదా ఐజీసీఎస్‌ఈ పరీక్షలు, ‘ఇయర్ 13’ (మన పన్నెండు) చివర ఏ లెవెల్స్. ఐబీలో చివరి రెండేళ్ల డిప్లొమాకు గరిష్ఠంగా 45 మార్కులు, ఉత్తీర్ణతకు కనీసం 24. ఈ రెండూ మంచి చదువులే. రాయడం, వాదించడం, సొంతంగా వెతకడం నేర్పుతాయి. కానీ జేఈఈ, నీట్‌లకు కావాల్సిన సాధన వాటి తీరులో లేదు, దాన్ని విడిగా చేయించుకోవాలి. ఫీజు కంపెనీ కడుతోంది, పై చదువు బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో అనుకుంటే వీటిని చూడండి. కంపెనీ కడుతోంది కదా అని ఐబీలో చేర్చి, ఉద్యోగం మారగానే సీబీఎస్‌ఈకి లాగేయడం మాత్రం పిల్లవాడికి వేసే శిక్ష.

నాలుగో అడుగు: తరగతి, వయసు సరిచూసుకోండి

మన దగ్గర అయిదేళ్లు నిండగానే ఒకటో తరగతిలో కూర్చోబెడతాం. యూఏఈలో ఏప్రిల్‌లో మొదలయ్యే బడుల్లో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి, కేజీ–1కు నాలుగేళ్లు. కడపలో ఒకటి పూర్తిచేసి రెండుకు వెళ్తున్న ఆరేళ్ల పాప అక్కడ మళ్లీ ఒకటిలోనే కూర్చోవచ్చు. దీన్ని అవమానంగా తీసుకుని మధ్యవర్తులతో బేరాలాడే తల్లిదండ్రులున్నారు. వయసుకు తగ్గ తరగతిలో ఉండటమే పిల్లకు మేలు. ఏడాది పోయిందన్న బాధ పెద్దవారిదే.

బ్రిటిష్ బడుల లెక్క వేరు. అక్కడ ‘ఇయర్ 2’ అంటే మన ఒకటో తరగతి, ‘ఇయర్ 7’ అంటే మన ఆరు. ఫోనులో మాట్లాడేటప్పుడు ఇయరా గ్రేడా అని గట్టిగా అడిగి రాసుకోండి. ఈ తికమక వల్ల ఫీజు పట్టికలో తప్పు వరుస చూసి డబ్బు లెక్కలు వేసుకున్నవారు నాకు తెలుసు.

అయిదో అడుగు: ఇక్కడి నుంచే బడిని పరీక్షించండి

పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉండటం ఏమీ రుజువు చేయదు, మన కోటిరెడ్డి సర్కిల్ నుంచి నాలుగు వీధులు తిరిగినా ఆ బోర్డులు కనిపిస్తాయి. చూడాల్సినవి వేరే.

సీబీఎస్‌ఈ బడి అయితే బోర్డు వెబ్‌సైట్‌లో అనుబంధ సంస్థల జాబితాలో దేశం ఎంచుకుని వెతకండి. గుర్తింపు పదో తరగతి వరకేనా, పన్నెండు వరకా, ఏ సంవత్సరం దాకా ఉంది అన్నవి అక్కడ కనిపిస్తాయి. పది వరకే ఉన్న బడిలో చేరిస్తే పదకొండుకు మళ్లీ సీటు వేట తప్పదు.

ఐబీ బడి అయితే అధికారిక గుర్తింపు వచ్చిందా, ఇంకా ‘అభ్యర్థి’ దశలోనే ఉందా అని అడగండి. ప్రచార కరపత్రం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దుబాయ్‌కు వెళ్తున్నవారికి ఒక సౌకర్యం ఉంది. అక్కడి ప్రైవేటు విద్యను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ బడుల తనిఖీ నివేదికలను వెబ్‌సైట్‌లో పెడుతుంది. అత్యుత్తమం నుంచి చాలా బలహీనం వరకు ఆరు మెట్ల కొలమానం. అబుదాబిలో అడెక్, షార్జాలో ఎస్‌పీఈఏ ఇదే పనిచేస్తాయి. మొత్తం రేటింగు చూసి ఆగిపోకండి. మీ పిల్లవాడి తరగతి స్థాయిలో గణితం, సైన్స్ ఎలా ఉన్నాయి, పిల్లల భద్రతకు ఏ మాట రాశారు, ఉపాధ్యాయులు ఏటా ఎంతమంది మానేస్తున్నారు అన్నవి చదవండి. నివేదిక ఏ ఏటిదో కూడా చూడండి, ఎందుకంటే 2024–25లో దుబాయ్‌లో పూర్తిస్థాయి తనిఖీలు జరపలేదు. ‘బాగుంది’ అన్న రేటింగు ఉన్న సీబీఎస్‌ఈ బడి, ఇంటికి దగ్గరగా ఉంటే, ఊరి అవతలి ‘అత్యుత్తమం’ కంటే నా దృష్టిలో మేలు.

సౌదీలో భారత రాయబార కార్యాలయం అండతో నడిచే ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లు రియాద్, జెద్దా, దమ్మామ్ వంటి చోట్ల ఉన్నాయి. ఒమన్‌లో ఇండియన్ స్కూళ్లకు ఒక ఉమ్మడి బోర్డు ఉంది. కువైట్‌లో దుబాయ్ తరహా నివేదికలు చేతికి రావు కనుక అక్కడ ఉన్న మనవారి అనుభవమే ఆధారం. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు ఏ ఊరికి వెళ్లినా అక్కడ పిల్లల్ని చదివించిన కుటుంబం ఒకటి దొరుకుతుంది. "బడి బాగుందా?" అని అడిగితే బాగుందనే చెబుతారు. "పిల్లవాడి నోటు పుస్తకం ఒకటి చూపించు వదినా, మాస్టారు దిద్దారా?" అని అడగండి.

ఆరో అడుగు: ఫీజు లెక్క

నెల ఫీజు ఒక్కటే చూసి మోసపోవద్దు. ఉదాహరణకు ఒక బడి నెలకు 45 దినార్లని చెప్పిందనుకుందాం. పన్నెండు నెలలకు 540. బస్సుకు నెలకు 15 చొప్పున పది నెలలకు 150. పుస్తకాలు, యూనిఫారం 60. నమోదు, పరీక్షలు, కార్యక్రమాల పేరుతో 30. మొత్తం 780 దినార్లు. దినారు రూ.280 అనుకుంటే రూ.2,18,400. ఇద్దరు పిల్లలైతే దీనికి రెట్టింపు. తోబుట్టువులకు తగ్గింపు ఉందేమో అడగండి, అడగకుండా ఎవరూ ఇవ్వరు. 800 దినార్ల జీతంలో ఫ్లాటు అద్దె, ఇంటి ఖర్చు తీసేసి, ఇక్కడి బంగారు రుణం వాయిదా కూడా తీసేసి, మిగిలింది దీనికి సరిపోతుందో లేదో చూసుకోండి.

దుబాయ్‌లో కొన్ని హద్దులున్నాయి. దరఖాస్తు రుసుము 500 దిర్హాములు దాటకూడదు. కొత్త ప్రవేశానికి ముందుగా తీసుకునే మొత్తం ఏడాది ఫీజులో 10 శాతం మించకూడదు. ఫీజు పెంపు కూడా బడి ఇష్టం కాదు, ప్రభుత్వం ప్రకటించే విద్యావ్యయ సూచీతో ముడిపడి ఉంటుంది. కువైట్‌లోనూ ప్రైవేటు బడుల ఫీజులు విద్యా మంత్రిత్వ శాఖ అదుపులో ఉంటాయి. రసీదు లేని ఏ వసూలూ కట్టవద్దు.

కనీసం ఒక టర్మ్ ఫీజు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఉద్యోగం హఠాత్తుగా పోతే విమానం టికెట్ కంటే ముందు అవసరమయ్యేది బడి బకాయి తీర్చి టీసీ తెచ్చుకోవడమే.

ఏడో అడుగు: రోజు ఎలా గడుస్తుంది?

రాయలసీమలో చదువంటే హాస్టల్ అన్న అలవాటు ముదిరింది. అక్కడ మన పిల్లలు వెళ్లేవి ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి చేరే బడులు. కాబట్టి మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు అన్న ప్రశ్న ఫీజంత ముఖ్యం. తల్లి కూడా ఆసుపత్రిలోనో దుకాణంలోనో డ్యూటీ చేస్తుంటే, రెండు గంటలకు దిగే ఏడేళ్ల పాపను తలుపు తీసి లోపలికి తీసుకునేది ఎవరు? అక్కడ నాయనమ్మ లేదు, ఎదురింటి పెద్దమ్మ లేదు.

రద్దీ ఎక్కువగా ఉన్న బడులు రెండు షిఫ్టులు నడుపుతాయి. ఏ షిఫ్టో ప్రవేశానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. బస్సు ప్రయాణం ఒక వైపు నలభై నిమిషాలు దాటితే చిన్న పిల్లలకు ఆ బడి వద్దు. వేసవిలో బస్సు ఏసీ పనిచేస్తుందా, దిగేటప్పుడు పిల్లల లెక్క చూసే ఆయా ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. కడప ఎండలు చూసినవాళ్లం, అక్కడి ఎండ ఎంతలే అనుకుంటారు కొందరు. జూన్‌లో కువైట్‌లో ఒక్కసారి నడిరోడ్డు మీద నిలబడితే ఆ మాట మళ్లీ అనరు.

వారాంతం కువైట్‌లో శుక్ర, శనివారాలు. యూఏఈలో షార్జా తప్ప మిగతా చోట్ల 2022 నుంచి శని, ఆదివారాలు, శుక్రవారం సగం పూట. తండ్రి సెలవు, పిల్లల సెలవు కలుస్తాయో లేదో చూసుకోండి.

తెలుగు సంగతి

సీబీఎస్‌ఈలో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది, కానీ గల్ఫ్ బడుల్లో దాన్ని చెప్పేవారు అరుదు. రెండో భాషగా సాధారణంగా దొరికేవి హిందీ, ఫ్రెంచి, మలయాళం, కొన్నిచోట్ల ఉర్దూ. యూఏఈలో అరబిక్ తప్పనిసరి, ముస్లిం విద్యార్థులకు ఇస్లామిక్ విద్య కూడా. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కడప కుటుంబాల పిల్లలు లిపి పరిచయం వల్ల అరబిక్‌లో త్వరగా కుదురుకుంటారు. తెలుగు ఇళ్ల పిల్లలకు మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది.

ఎనిమిది తర్వాత తిరిగొచ్చి రాష్ట్ర సిలబస్‌లో చేర్చే ఆలోచన ఉంటే పదో తరగతిలో తెలుగు ప్రశ్నపత్రం ఎదురుచూస్తుంటుంది. వేమన పద్యం నోటికి రావడం వేరు, సొంతంగా వ్యాసం రాయడం వేరు. వెళ్లేటప్పుడే మూడు, నాలుగు తరగతుల తెలుగు వాచకాలు పెట్టెలో వేసుకోండి. రోజూ ఒక పేజీ చూచిరాత, వారానికి ఒక ఉత్తరం అవ్వకు. వీడియో కాల్ ఈ పని చేయదు.

ఎనిమిదో అడుగు: కాగితాలు

ముందు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉంటుంది, బడి రిజిస్టరులో ఒక్క పొడి అక్షరం. ఒకచోట ‘షేక్’, మరోచోట ‘ఎస్.’ జనన ధ్రువీకరణ, పాస్‌పోర్టు, బడి రికార్డు, ఆధార్ నాలుగింటిలోనూ పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. తేడా ఉంటే టీసీ తీసుకోకముందే ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు పెట్టి సరిచేయించుకోండి. టీసీ చేతికొచ్చాక ఈ పని మూడింతలు సాగుతుంది.

తర్వాత టీసీ. పూర్తిచేసిన తరగతి, పై తరగతికి అర్హత, బడి వదిలిన తేదీ స్పష్టంగా ఉండాలి. దాని మీద జిల్లా విద్యాశాఖాధికారి ప్రతిసంతకం, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. విదేశాంగ శాఖ పత్రాలను అనుమతి పొందిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. ఇక్కడ దేశాన్ని బట్టి దారి చీలుతుంది. సౌదీ, ఒమన్, బహ్రెయిన్ పత్రాల ధ్రువీకరణపై కుదిరిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి కనుక అపోస్టిల్ (ఆ ఒప్పందం కింద మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) సరిపోతుంది. సౌదీకి ఇది 2022 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కువైట్, యూఏఈ, ఖతర్‌లకు మాత్రం ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి, అక్కడికి వెళ్లాక వారి విదేశాంగ శాఖ ముద్ర మరొకటి. కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టండి. చిన్న తరగతులకు కొన్ని బడులు ఇంత అడగవు. ఏది అవసరమో బడి నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకుంటే ఏజెన్సీకి అనవసరంగా డబ్బు పోదు.

టీకాల కార్డు, గత రెండేళ్ల మార్కుల పత్రాలు, ఫొటోలు మామూలే. వీటితో పాటు యూడైస్‌లో (ప్రభుత్వ పాఠశాలల సమాచార వ్యవస్థ) పిల్లవాడికి ఉన్న పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య), అపార్ అనే విద్యార్థి గుర్తింపు ఉంటే ఆ నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ ఎవరూ అడగరు. తిరిగొచ్చిన రోజు మాలాంటివాళ్లం మొదట అడిగేది అదే.

తొమ్మిదో అడుగు: డబ్బు కట్టే ముందు

బడికి ఫోను చేసి అడగాల్సినవి కొన్నే. ఈ తరగతిలో సెక్షన్‌కు ఎంతమంది? గత ఏడాది లెక్కల మాస్టారు ఇప్పుడూ ఉన్నారా? ప్రవేశ పరీక్ష ఏయే పాఠాల మీద? చదువులో వెనకబడిన పిల్లలకు ప్రత్యేక సహాయం ఉందా, దానికి విడిగా ఎంత? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? చివరి ప్రశ్నకు తడబడే బడిని అనుమానించండి. దుబాయ్‌లో అయితే దీనికి నియమం ఉంది: రెండు వారాల లోపు మానేస్తే నెల ఫీజు, రెండు వారాల నుంచి నెల లోపు అయితే రెండు నెలల ఫీజు, నెల దాటితే ఆ టర్మ్ మొత్తం పట్టుకుంటారు. తల్లిదండ్రులకూ బడికీ మధ్య ఒప్పంద పత్రం కూడా ఉంటుంది. సంతకానికి ముందు దాన్ని చదవండి, ఇంగ్లిష్ కష్టమైతే చదివి చెప్పేవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

వీలైతే తండ్రి ఒక్కడే ముందు వెళ్లి, బడి వదిలే వేళకు గేటు దగ్గర అరగంట నిలబడాలి. పిల్లలు బస్సులు ఎలా ఎక్కుతున్నారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో ఎలా ఉన్నారు, కాపలావాడు తల్లిదండ్రులతో ఎలా మాట్లాడుతున్నాడు అన్నవి స్వాగత గదిలో కనిపించవు.

మార్చిలో కడపలో వార్షిక పరీక్షలు ముగించి, ఏప్రిల్ మొదటివారంలో అక్కడ చేర్చగలిగితే పాఠాలు పోవు. సీటు మాత్రం డిసెంబరు, జనవరిలోనే మాట్లాడుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి: అక్కడి టీసీ మీద అక్కడి విద్యాశాఖ, భారత రాయబార కార్యాలయం ముద్రలు అవసరమా అని ఇక్కడ చేరబోయే బడిని ముందే అడిగి, విమానం ఎక్కకముందే వేయించుకోండి. కడపలో కూర్చుని కువైట్ ముద్ర కోసం తిరగడం ఎవరివల్లా అయ్యే పని కాదు.